లిఫ్టు

తాడిపత్రిలో బండల మిషన్లు
అయిదున్నరకు ఆగుతాయి.
చెవుల్లో మాత్రం ఆరుదాకా తిరుగుతానే ఉంటాయి.
ముంజేతులకు అంటిన తెల్లపిండి కడుక్కోకుండానే
వచ్చేస్తాం గ్రౌండుకు.

గ్రౌండంటే ఏముంది?
నీళ్లు పడని బోరులోంచి పెరికిన
రెండు కేసింగు పైపులు,
చెనక్కాయ గోతాల దారంతో
మూడుచోట్ల కుట్టిన నెట్టు.
గీతలకు సున్నం కొనేపని లేదు,
పాలిషు పిండి ఎంతైనా ఉండాది.

నేను లిఫ్టర్ని.
అయిదడుగుల మూడంగుళాలు.
"నెట్టు కింద దూరిపోరా, ఎవురూ చూడరు"
అంటాడు వన్నూరప్ప.
షాటు కొట్టేది వాడు. ఈలలు వాడివి.
పిల్లోళ్లు చొక్కాలిప్పి గిరగిరా తిప్పేది వాడికోసం.
నా పని చిన్నది.
అడ్డదిడ్డంగా లేచిన బంతిని
పొయ్యి మీది గిన్నెమూతలా
వేళ్ల కొసలతో తాకీ తాకనట్టు తాకి
వాడి చెయ్యి యాడికి రాబోతాదో ఆడ
కాస్త ముందే పెట్టడం.
గాలిలో పీటేసి
రా, కూచో అన్నట్టు.

ఇరవయ్యేండ్లుగా ఎందుకాడతాండావంటే
ఒకటే చెప్తా:
ఈ బంతిని ఎవురూ పట్టుకోగూడదు.
కబడ్డీలో మనిషినే పట్టుకోవాల,
క్రికెట్లో బంతి చేతికి దొరికితే పండగ.
ఇక్కడ అరచేతిలో నిలిచిందంటే తప్పు,
వరసగా రెండుసార్లు నువ్వే తాకినా తప్పు.
ఎంత పోటుగాడైనా
పక్కోడికి ఇయ్యాల్సిందే.

మూరెడు గట్టుకోసం
ముప్పై వాయిదాలు తిరిగినోళ్లు
ఈ గట్టు దగ్గర మాత్రం బుద్ధిగా ఉంటారు.
నెట్టు చేతికి తగిలితే
అంపైరు చూడకున్నా
ఓబుళేసు తనంతట తానే చెయ్యెత్తుతాడు.
(చీటీ డబ్బులడిగితే
ఆ చెయ్యి లేవగా నేనెప్పుడూ చూళ్లేదు.)

చూసేవాళ్ల సుఖం వేరే.
ట్రాలీల మీద, పగిలిన బండల మీద
యాభై అరవై తలకాయలు
ఒక్కసారే ఎడమకు, ఒక్కసారే కుడికి.
బజ్జీల ఫకీరమ్మ ఆటకేసి తిరగనే తిరగదు.
బాణలి ముందర కూచోని
ఆ తలకాయల్ని చూసే స్కోరు చెప్తాది.
ఒక్క పాయింటు కూడా తప్పదు.

మొన్న శనివారం చుక్కలూరోళ్లతో మ్యాచి.
ఓడినోళ్లు ఫకీరమ్మకు బాకీ, అదీ పందెం.
ఇరవైనాలుగు, ఇరవైనాలుగు.
ఖాజా పడిపోతా లేపిన బంతి
నా నెత్తిమీదికొచ్చింది.
పెట్టినాను.
కరెంటు పోయింది.

అరవై గొంతులు ఒకటే "హా".
బంతి పైనెక్కడో ఉండాది.
చీకట్లో నా వేళ్లింకా తెరుచుకోనే ఉండాయి.
ఫట్‌మని శబ్దం.
కొట్టినాడు!
ఆ తర్వాత ఏమీ లేదు.
బంతి నేలబడిన చప్పుడే రాలేదు.

సెల్‌ఫోన్ల వెలుతురులో వెతికినాం,
కాలువలో, ట్రాలీ కింద, కంపచెట్లలో.
చివరికి ఫకీరమ్మ కేక,
"ఒరేయ్, ఇది నా శనగపిండిలో ఉండాది!"

లోపల పడి ఎగిరిందా, నేరుగా పోయిందా?
తొమ్మిదింటిదాకా వాదన.
చుక్కలూరు పెద్దాయన బాణలి దగ్గర్నుంచి
అడుగులు కొలిచినాడు, ఎందుకో ఆయనకే తెలీదు.
మళ్లీ ఆడమన్నారు. ఆడినాం.
ఓడిపోయినాం.

బజ్జీలు తింటా అడిగినాను వన్నూరప్పని,
"చీకట్లో బంతి కనపడిందా నీకు?"
"ల్యా."
"మరెట్ల కొడితివిరా?"
వాడు మిరపకాయ తొడిమ పారేసి
నన్ను తిక్కోడిని చూసినట్టు చూసినాడు.
"నువ్వు పెట్టినావు గదప్పా.
ఆడ కాక ఇంక యాడుంటాది?"

దానికెవరూ ఈల వెయ్యలేదు.
లేచి, నీళ్లు తాగి,
చేతులకున్న పిండి అప్పుడు కడుక్కున్నా.

ఎంత తుడిచినా ఆ బంతికి
వారందాకా వాము వాసన పోలేదు.